చూపుల ఆదివారం

బెర్గెన్‌లో వాన ఆగదు. అందుకని
ముందు కిటికీలు తుడుస్తాను.
తుడిచిన అద్దంలోంచి చూస్తే వాన కూడా
కాస్త ఖరీదైనదిలా కనిపిస్తుంది.

అమ్మకానికి పెట్టిన ఇంట్లోంచి
మనుషుల్ని ఏరెయ్యడం నా పని,
బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు.
ఏరిన చోట నావి పెడతాను:
బూడిదరంగు సోఫా,
ఎవరూ చదవని ఆరు లావుపాటి పుస్తకాలు,
గిన్నెడు మైనం నిమ్మకాయలు.
ఒక నిమ్మకాయ మీద పంటిగాట్లున్నాయి.
పోయినేడు ఎవరి పిల్లో కొరికి చూసింది.
ఆ వైపు కిందికి తిప్పి పెడతాను.

ఈసారి సాండ్వీకెన్‌లో, కొండవాలున, తెల్లటి కొయ్య ఇల్లు.
నూట పన్నెండు మెట్లు.
సోఫా మోసిన కుర్రాళ్ళు నన్ను తిట్టుకున్నారు,
నాకు వినబడేట్టే.

రాగ్న్‌వాల్ పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. కింది అంతస్తు అతనిది.
ఓద్‌లౌగ్ పళ్ళ డాక్టరు దగ్గర లెక్కలు రాస్తుంది. పై అంతస్తు ఆమెది.
విడిపోయి రెండేళ్ళు.
ఇల్లు అమ్ముడైతేగాని
ఎవరి దారి వాళ్ళు పట్టలేరు.
వంటిల్లు మాత్రం ఇద్దరిదీ.

ఫ్రిజ్ తెరిచాను.
ప్రతి అర నడుమ పసుపుపచ్చ టేపు గీత.
ఇటు అతని చేప, అటు ఆమె పెరుగు.
గుడ్ల అర ఒకటే. ఎడమ మూడు, కుడి మూడు.
"కొనేవాళ్ళు ఫ్రిజ్ కూడా తెరుస్తారు," అన్నాను.
ఆమె ఏం మాట్లాడలేదు. అతను వెళ్ళి చాకు తెచ్చాడు.
టేపు ఊడింది. జిగురు ఊడలేదు.
వెన్న రాస్తే పోతుందని నాకు తెలుసు.
ఎవరి వెన్న తియ్యాలో తెలియలేదు.

పైన, ఆమె ఒంటి మంచం తీయించి
జంట మంచం వేశాను.
రెండు దిళ్ళు, రెండు బల్లలు, రెండు దీపాలు,
ఒక బల్ల మీద మడిచిపెట్టిన కళ్ళజోడు,
అదీ నాదే, పవర్ లేనిది.
ఇక్కడ ఇద్దరు సుఖంగా నిద్రపోయారని
చూసినవాడికి తోచాలి, ఎవరూ చెప్పకూడదు.
పైన పటారం, లోన లొటారం.
ఆ పటారానికే నాకు గంటల లెక్కన కూలి.

మర్నాడు చూస్తే ఫ్రిజ్‌లో జిగురు లేదు.
అర మీద వెన్న వాసన.
నేనడగలేదు.

ఆదివారం ఇంటికి చూపులు.
పిల్ల తరఫువాళ్ళు ఇంట్లో ఉండకూడదు, అదొక్కటే తేడా.
గుమ్మంలో నీలం ప్లాస్టిక్ తొడుగుల బుట్ట.
పాతికమంది పాదాలు సరసరమంటూ
గది గదికీ తిరుగుతున్నాయి.
వాటిలో రాగ్న్‌వాల్ పాదాలూ ఉన్నాయని
కాసేపటికి గాని గమనించలేదు.
తన ఇంటి పడగ్గది వాకిట్లో నిలబడి
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు.
గొడుగు ముడుస్తూ ఒకమ్మాయి అతనితో అంది:
"ఇక్కడివాళ్ళు ఎంత ప్రశాంతంగా బతికారో!"
అతను కాస్త ఆలోచించి,
"బాత్రూం నేల వెచ్చగా ఉంటుంది," అన్నాడు.

కింద వంటింట్లో ఓద్‌లౌగ్.
ఆమె కాళ్ళకీ నీలం తొడుగులే.
ఫ్రిజ్ తెరిచి, అర మీద వేలితో రాసి చూసి,
ఆ వేలు కోటుకి తుడుచుకుని వెళ్ళిపోయింది.
ఇద్దరూ ఎదురుపడ్డారో లేదో
నేను చూడలేదు. నిమ్మకాయల దగ్గరున్నాను.
ఒక పిల్లాడు గిన్నెలో చెయ్యి పెట్టాడు.

సోమవారం మధ్యాహ్నానికి ఐదో పాటకి ఇల్లు పోయింది.
గొడుగు అమ్మాయికి కాదు.

సామాను దించుతుంటే రాగ్న్‌వాల్ అడిగాడు,
దీపం ఎంతకిస్తావని.
జతగానే అమ్ముతారన్నాను.
"ఒకటి చాలు," అన్నాడు.
ఏ పక్కదో కూడా చూపించాడు.

ఇప్పుడు లక్సెవోగ్‌లో ఇంకో ఇల్లు సర్దాను.
మంచానికి ఎడమవైపు వెలుగు,
కుడివైపు ఖాళీ బల్ల.
ఇది కొత్త ఫ్యాషనా అని ఎవరో అడిగారు.
అవునన్నాను.